బాపు అల్లిన ఈతాకు సిలువ

ఈ ఏడు విభూది బుధవారం ఉదయం ఆరున్నరకు, మొయినాబాద్ చర్చిలో ఫాదర్ నా నొసట బూడిద రాస్తుంటే, ఆ వాసనకు నా తొమ్మిదో ఏడు గుర్తొచ్చింది.

అప్పుడు ముడిమ్యాలలో ఉండేవాళ్లం. విభూదికి ముందురోజు చర్చి ఉపదేశి తాత గోనెసంచితో వచ్చి, కాల్చడానికి నిరుటి మట్టల ఆదివారపు సిలువలు అడిగాడు. మాకున్నది ఒక్కటే. అది అల్లిన నెలకే మా నాన్న, బాపు, పోయాడు.

"నీళ్లు కాగబెట్టుకోనీకి మా మట్టనే దొరికిందా తాతా?" అన్నాను.

"కాలుస్తం బిడ్డా, గని రేపు నీ నొసటికే వస్తది."

దొంగమాట అనుకుని సిలువను బియ్యం కుండ వెనక దాచాను. మరునాడు పూజలో బూడిద పెట్టించుకున్నాక అవ్వ చెప్పింది: "గిది ఊరోళ్ల మట్టల బూడిదనే." ఆ చిటికెడులో బాపుది మాత్రం లేదు.

దాచిన సిలువను వానకాలంలో చెదలు తిన్నాయి. పోయినవి రెండు: ఒక ఈతాకు సిలువ, నా నొసట ఒక్కరోజు ఉండవలసిన బాపు చేతిపని.