నా సాక్ష్యానికి కామెడీలో ఫస్ట్ ప్రైజు

చేసిన తప్పు కన్నీళ్ళతో ఒప్పుకుంటుంటే ఎదురుగా మూడొందల మంది కడుపు పట్టుకుని నవ్వితే ఎలా ఉంటుందో మీకు తెలియదు. నాకు తెలుసు. పదో తరగతి చివర్లో, పటమటలోని మా స్కూలు స్టేజీ ఎక్కి, ఆ ఉపద్రవాన్ని నా చేతులతో నేనే తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. అందుకని మీరైనా దీన్ని కాస్త గంభీరంగా చదవండి.

ముందు నా పాపం సంగతి. మాది ప్రార్థనతో లేచి ప్రార్థనతో పడుకునే ఇల్లు. నాకు మాటల కంటే ముందు పాటలు వచ్చాయని అమ్మ చర్చి సంఘంలో చెప్పుకునేది, నేనూ కాదనేదాన్ని కాదు. గవర్నర్‌పేటలోని మా చర్చిలో శనివారం నాలుగున్నరకి పాటల ప్రాక్టీసు. మా స్కూల్లో లాంగ్ బెల్లు నాలుగింటికి. ఎంత పరిగెత్తినా సిటీ బస్సు వెనక భాగం మాత్రమే కనిపించేది. రెండు వారాలు ఆలస్యంగా వెళ్ళేసరికి నేను ఒక్కదాన్నే పాడే చరణాన్ని ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు. ఆ అమ్మాయి గొంతు నూనె వెయ్యని రిక్షా చక్రంలా... సరే, తోటి విశ్వాసి గురించి అలా అనకూడదు.

మూడో శనివారం భోజనాల బెల్లులో వరండాలోని బెంచీ ఎక్కి, గోడ గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పాను. దేవుడి పని కోసం చేసింది తప్పెలా అవుతుందని నా వాదన. సోమవారం అందరికంటే ముందొచ్చి మళ్ళీ పది నిమిషాలు వెనక్కి తిప్పేశాను. నా నిజాయితీ అలాంటిది. ఇలా రెండు నెలలు సాగింది. బస్సు దొరికింది, చరణమూ తిరిగొచ్చింది.

ఆ గడియారం చూసి బెల్లు కొట్టేది అటెండరు సాంబయ్య గారు. చేతికి వాచీ లేదు, సెల్‌ఫోన్లు ఆఫీసులో పెట్టాలని రూలు కాబట్టి ఆయనకి ఆ గడియారమే దిక్కు. శనివారం పిల్లల్ని ముందే వదిలేస్తున్నారని తల్లిదండ్రులు గొడవ చేస్తే ప్రిన్సిపల్ మేడమ్ ఆయన్ని పిలిపించారు. అటెండెన్సు రిజిస్టరు ఇవ్వడానికి వెళ్ళి గుమ్మం బయట నిలబడి నేను అంతా విన్నాను.

"గడియారం ఎంత చూపిస్తే అంతకే కొట్టానండీ."

"నేను సోమవారం చూశాను సాంబయ్యా, గడియారం కరెక్టుగానే ఉంది. ఇంటికి తొందరగా పోవాలని మీరే కొడుతున్నారు. ఈ నెలతో మానేయండి."

"ఇరవయ్యేళ్ళ నుంచి చేస్తున్నానండీ."

"అందుకే మర్యాదగా చెబుతున్నాను."

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మర్నాడు నా పక్కన కూర్చునే లావణ్యకి అంతా చెప్పేశాను.

"ఓస్ అంతేనా. మేడమ్ రూములోకెళ్ళి చెప్పేస్తే పోద్ది కదే," అంది.

"అలా కుదరదు. అందరికీ అన్యాయం చేసినప్పుడు అందరి ముందూ నిలబడి ఒప్పుకోవాలి. మాకు సాక్ష్యమంటే అదే."

"అందరూ నీకెక్కడ దొరుకుతారే?"

దొరికారు. ఆ శనివారమే పదో తరగతి వాళ్ళ టాలెంట్ షో. పేర్లు రాసుకునే బాధ్యత లావణ్యదే. పాటల్లో ఖాళీ లేదు, డాన్సుల్లో ఖాళీ లేదు. సాక్ష్యానికి గడి అసలే లేదు. నాకు ఒక్క మాటైనా చెప్పకుండా నా పేరు కామెడీ కింద రాసేసింది. ఆ అమ్మాయిని నేను క్షమించాను. ఏటా కొత్తగా క్షమిస్తూనే ఉన్నాను.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. ఆ రోజు మధ్యాహ్నం కూడా నేను బెంచీ ఎక్కి గడియారం తిప్పాను. ఎలాగూ సాయంత్రానికి ఒప్పేసుకుంటున్నాను కదా, ఆ లెక్కలోనే ఇదీ పోతుందనుకున్నాను. తెల్లారితే ఆదివారం, నా చరణం ఉంది మరి.

మైకు ఇచ్చారు. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. కళ్ళు మూసుకుని, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "ప్రభువు నామంలో మీ అందరికీ నా వందనాలు," అన్నాను.

షామియానా కింద గొల్లుమని నవ్వు.

"ప్రియులారా, నేను ఘోరమైన పాపిని."

తొమ్మిదో తరగతి వాళ్ళు ఈలలు వేశారు. మా సోషల్ మాస్టారు కుర్చీలో ముందుకి జరిగి, "భలే పట్టిందండీ," అన్నారు, నేనెవరినో అనుకరిస్తున్నట్టు.

"నవ్వకండి. ఇది నవ్వే విషయం కాదు," అన్నాను. ఇంకా నవ్వారు. మీరే చెప్పండి, నవ్వొద్దంటే నవ్వేవాళ్ళని ఏం చెయ్యాలి? గొంతు పెంచాను. "అపవాది అయిన సాతాను నన్ను బెంచీ ఎక్కించాడు," అన్నాను. లెక్కల మేడమ్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. నేను వెక్కిన ప్రతిసారీ చప్పట్లు కొట్టారు. పక్కనుంచి లావణ్య, "సూపరే, ఇంకొంచెం ఏడువు," అంది. నిజం తెలిసిన ఒక్క మనిషీ అలా అంది.

"శనివారం బెల్లు ముందే మోగడానికి కారణం సాంబయ్య గారు కాదు. నేను. గడియారం తిప్పింది నేను. ఆయన్ని తీసెయ్యకండి," అని అరిచాను.

ప్రిన్సిపల్ మేడమ్ నవ్వుతూనే, "ఎంత మంచి మనసమ్మా, జోకుల్లో కూడా ఆయన్ని కాపాడుతోంది," అన్నారు.

సరిగ్గా అప్పుడు వరండా చివరినుంచి లాంగ్ బెల్లు మోగింది.

మేడమ్ తన చేతి వాచీ చూసుకున్నారు. నాలుగుకి పది నిమిషాలు తక్కువ. తలతిప్పి వరండాలో గోడ గడియారం చూశారు. సరిగ్గా నాలుగు. దాని కింద గంట పట్టుకుని నిలబడ్డ సాంబయ్య గారిని చూశారు. చివరికి నన్ను చూశారు. ఆమె ముఖం మీద నవ్వు ఆగిపోయింది. వెనక వరసల్లో ఎవరికీ ఏమీ అర్థంకాక, దీన్ని కూడా నా ఐటంలో భాగమే అనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సాంబయ్య గారి ఉద్యోగం ఉంది. మేడమ్ అక్కడే మైకు తీసుకుని ఆయనకి క్షమాపణ చెప్పారు. జడ్జీలు అప్పటికే మార్కులు వేసేశారు కాబట్టి కామెడీలో ఫస్ట్ ప్రైజు నాకే వచ్చింది. శిక్ష కూడా నాకే. పరీక్షల దాకా ప్రతి శనివారం అందరూ వెళ్ళాక ఐదింటి వరకు సాంబయ్య గారి పక్కన నిలబడి గడియారాన్ని కాపలా కాయాలి. మొదటి రోజే ఆయన స్టూలు నా వైపు జరిపి, "కూర్చో పాపా. ఇంకోసారి బస్సుకి టైమవుతుందని నాతో చెప్పు, బ్యాగు ముందే గేటు దగ్గర పెట్టించి, మేడమ్‌నడిగి నిన్ను పది నిమిషాలు ముందు వదిలిస్తాను," అన్నారు. ఆ పదినిమిషాలకి అంత తేలికైన దారుందని నాకెందుకు తట్టలేదో.

నా చరణం మాత్రం రిక్షా చక్రానికి పోయింది.

మరుసటి ఆదివారం, నన్ను అర్థం చేసుకునే చోటు ఇదొక్కటే అని సంఘంలో లేచాను. "ప్రియులారా, నేను ఒక గడియారాన్ని..." అన్నానో లేదో, ముందు వరసలో సాక్షాత్తూ పాస్టరమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. స్కూలు వాళ్ళు తీయించిన నా ఐటం వీడియో ఆవిడ ఫోనుకి కూడా వచ్చేసింది.

ఒట్టు పెట్టుకోకూడదని మా బోధ కాబట్టి ఇది ఒట్టు కాదు, గంభీరమైన తీర్మానం. ఇకమీదట నా తప్పులు గది తలుపు వేసుకుని, మైకు లేకుండా, దేవుడికి ఒక్కడికే చెప్పుకుంటాను. ఆయన ఇంతవరకు నవ్వలేదు. కనీసం నాకు వినిపించేలా.