మూరెడు సందు

ప్రపంచంలో ఓడరేవులు చాలా ఉన్నాయి. వాటిలో అతి చిన్నది, ఏ పటంలోనూ చోటు దొరకనిది, ఆళ్లగడ్డకు పడమరగా కుందేటి ఒడ్డున ఉండేది. రెండు బండల మధ్య ఒక సందు, అంతే. దానికి అటూ ఇటూ కనుచూపుమేర నల్లరేగడి. వానాకాలంలో ఆ రేగడిలో దిగినవాడు మోకాటిదాకా దిగుతాడు. తర్వాత మనిషి పైకి వస్తాడు కానీ చెప్పులు రావు. అందుచేత ఏరు నిండి పారే నెలల్లో సంజామల వైపు పోయేవాళ్లు ఆ సందులోనే ఎక్కాలి, అటునుంచి సంతకు వచ్చేవాళ్లు ఆ సందులోనే దిగాలి.

ఈ రేవుకు అధిపతి ఖలందర్. ఆయన నౌకాదళం ఒక పుట్టి. వెదురుతో అల్లిన పెద్ద గంప, దాని కింద ఎనుముతోలు తొడుగు. తండ్రి పోయాక తెడ్డు పట్టినవాడు ఇరవై రెండేళ్లుగా దింపలేదు. మనిషి పొడుగు, చేతులు మరీ పొడుగు. పురాణాలలో ఇలాంటివారిని ఆజానుబాహులంటారు. ఆళ్లగడ్డలో పొడుగుచేతుల ఖలందర్ అనేవారు. కోతలయ్యాక చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇచ్చే జొన్నలతో ఆయనా, భార్య మస్తాన్‌బీ ఏడాది గడుపుకునేవారు.

1943 వానాకాలంలో ఈ సామ్రాజ్యానికి పొరుగు రాజ్యం ఏర్పడింది. సంజీవయ్య అనే బండివాడి ఎద్దులు రెండూ గాలికుంటుతో చచ్చిపోయాయి. బండి కూర్చోబెట్టి లాభం లేదని అతను ఎక్కడెక్కడివో పాతతోళ్లు సంపాదించి ఒక పుట్టి అల్లించాడు. ఒక ఉదయం దాన్ని తలమీద బోర్లించుకుని, పెద్ద తాబేలు నడిచివస్తున్నట్లు రేవుకు వచ్చాడు.

"ఏందప్పా, యాడికి తెస్తాండావ్ దాన్ని?" అన్నాడు ఖలందర్.

తాబేలు లోపలినుంచి జవాబు వచ్చింది. "ఈడికే అన్నా. కొంచెం పక్కకు జరుగు."

"యాడికి జరగాల? బండలోకా?"

"ఏరు ఎవురి సొత్తూ కాదు గదన్నా."

"ఏరు కాదు. సందు నాది."

ఊరి పెద్దలు సందు కూడా ఎవరి సొత్తూ కాదన్నారు. అప్పటినుంచి రెండు పుట్లూ ఆ సందులోనే దూరేవి. ముందు వచ్చినవాడు హాయిగా దిగేవాడు. వెనక వచ్చినవాడు నెట్టుకుని దూరేవాడు. వెదురు కిర్రుమనేది, తోలు తోలును రాసుకునేది. ఒకరి జనం ఇంకొకరి పుట్టిలోంచి నడిచి గట్టెక్కితే, ఆ బురదకాళ్ల మీద ఇద్దరూ పూటకొక పంచాయితీ నడిపేవారు.

బురద కడుక్కుంటే పోతుంది. ఖలందర్ భయం తోలు గురించి. యుద్ధకాలం. అంతకుముందే ఆయన శిరివెళ్ల మీదుగా, పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే బస్సులో నంద్యాల పోయి, తోళ్ల అంగళ్లన్నీ తిరిగాడు. "యాడుందప్పా తోలు? అంతా సిపాయిల బూట్లకు పోతాంది," అని అందరూ ఒకేమాట చెప్పారు. ఇప్పుడున్న తోలు చిరిగితే మళ్లీ వేసే తోలు లేదు. తోలు లేకపోతే పుట్టి లేదు. పుట్టి లేకపోతే నలభై ఎనిమిదేళ్ల ఖలందర్‌కు చేతకాని పనులు తప్ప మరేమీ మిగలవు.

అందుకని ఆయన కరణం చక్రపాణిగారి దగ్గరికి వెళ్లి, సందులో రెండు పుట్లకు చోటు చాలదు, కొలిచి చూడండి సామీ అని అర్జీ పెట్టుకున్నాడు. కరణంగారు న్యాయమూర్తులకు ఉండవలసిన లక్షణాలన్నీ ఉన్న మనిషి. ఎత్తు మాత్రం కొంచెం తగ్గింది. భూములు కొలిచే గొలుసు తాలూకా కచేరీలో ఉంది గనుక మూరలతో కొలవాలని నిర్ణయించి, ఒక శుభదినాన పంచె మోకాళ్లపైకి ఎగగట్టి రేవుకు దయచేశారు. బండమీద వంగి, మోచేయి ఆనించి, వేలు చాపి, స్వహస్తంతో సందు కొలిచారు. పదమూడు మూరలు తేలింది.

తర్వాత పుట్లు కొలవాలి. పుట్టికి ఉన్నది ఎనుముతోలు. కరణంగారు తోలు ముట్టరు.

"నువ్వే కొలవరా ఖలందరూ. నీ అర్జీయే గదా," అన్నారు.

ఖలందర్ అబద్ధమాడే మనిషి కాదు. తన పుట్టిని తన మూరతో కొలిచాడు. ఆరు. సంజీవయ్య పుట్టిని కొలిచాడు. అదీ ఆరే. జనమంతా చూస్తుండగా, ఒక్క వేలు కూడా ఎక్కువా తక్కువా కాకుండా, అత్యంత నిజాయితీగా తన దావా తానే ఓడిపోయాడు.

"ఆరూ ఆరూ పన్నెండు. సందు పదమూడు. రెండు పుట్ల నడమ మూరెడు ఖాళీ ఉంది," అని కరణంగారు కాగితం మీద రాసి ఇద్దరిచేతా వేలిముద్రలు వేయించారు.

ఇంటికి వచ్చి సంగతి చెబితే మస్తాన్‌బీ చాట కింద పెట్టి మొగుణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. "సందు ఆయప్ప చేత్తో, పుట్లు నీ చేత్తోనా? బజార్లో గుడ్డ తీసేప్పుడు నిన్నెందుకు ఎంటబెట్టుకుని పోతాననుకున్నావ్? నీ మొహం చూసుకునేకా?"

ఖలందర్ తన చేతిని మొదటిసారి చూసుకున్నట్లు చూసుకున్నాడు. కరణంగారి మూర తన మూరకన్నా మూడు వేళ్లు తక్కువ. పదమూడు మూరల మీద అది ఎంతవుతుందో ఆయనకు లెక్క రాకపోయినా, పుట్టి కిర్రుమనడం గుర్తుంది. మరునాడు పోయి మళ్లీ కొలవమని బతిమాలాడు.

"మళ్లీనా? ఎందుకు?"

నీ చెయ్యి కురచ సామీ అని కరణంతో చెప్పగల ధైర్యవంతుడు ఆ ఫిర్కాలో అప్పటికి పుట్టలేదు. ఖలందర్ తల గోక్కుని వచ్చేశాడు.

తోళ్ల నడుమ జొన్నసొప్ప కట్టయినా పెడదామని ఇద్దరూ ప్రయత్నించారు. కాగితం మీద ఉన్న మూరెడు ఖాళీలో సొప్పకట్ట పట్టలేదు.

భాద్రపదంలో ఒక సంతరోజు ఏరు ఎర్రగా పొంగింది. సంజీవయ్య పుట్టి అప్పటికే సందులో ఉంది. ఖలందర్ తొమ్మిదిమంది మనుషులతో, రెండు మేకలతో వచ్చాడు. వెనకనుంచి నీటి తోపుడు. పుట్టి సందులోకి దూరింది, దూరుతూనే సంజీవయ్య పుట్టి అంచులో పైకి లేచిన వెదురు బద్ద ఖలందర్ పుట్టి తోలును మూరెడు పొడుగున చీల్చేసింది. జనం మోకాలిలోతు నీళ్లలో కేకలు పెడుతూ గట్టెక్కారు. మేకలు అందరికన్నా ముందే ఎక్కాయి.

సంజీవయ్య నోరు తెరిచి నిలబడ్డాడు. "మూరెడు సందుందని రాసినారు గదన్నా!"

"ఉంది అప్పా. ఆ సందులోంచే దూరింది నీ వెదురు," అన్నాడు ఖలందర్. చిరిగిన పుట్టిని ఒడ్డుకు లాగి బోర్లించాడు. చిరుగులో చెయ్యి పెట్టి చూశాడు. తెడ్డు భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు.

మరునాడు సందంతా సంజీవయ్యదే. ఇటు సంతనుంచి తిరిగిపోయే జనం, అటు రావలసిన జనం. అతను తెడ్డు పట్టుకుని బండమీద నిలబడ్డాడు. ఎంతసేపటికీ పుట్టి ఎక్కలేదు. జనం తిట్లు మొదలుపెట్టాక తెడ్డు పక్కన పెట్టి, తిన్నగా ఖలందర్ ఇంటికి పోయాడు.

"అన్నా, ఏట్లో సుడి యాడుందో నాకెరిక ల్యా. ఇన్నినాళ్లూ నువ్వు పోయే దోవ చూసుకునే పోతాంటి."

మస్తాన్‌బీ లోపలినుంచి అంది. "చెప్పుకునేకి సిగ్గు ల్యా?"

"ఉంది గదక్కా. ఉండబట్టే ఇంత పొద్దెక్కినాక వస్తి."

ఖలందర్ గోడకు ఆనించిన తెడ్డు అందుకున్నాడు. "నీ పుట్టి నేనెక్కాలంటే ఒక మాట. సందులో నడీమద్దె నిలబెట్టాల. పక్కన ఇంకోటి రాకూడదు. వచ్చే జొన్నలు చెరిసగం."

"అట్లే."

"అంచులో ఆ వెదురు ముందు కోసిపారెయ్."

"రాత్రే కోసినాన్నా."

చిరిగిన పుట్టిలో బాగున్న తోలును కోసి, సంజీవయ్య పుట్టి అడుగున రెండో పొరగా కుట్టారు. ఆ తర్వాత అయిదేళ్లు, మోకాళ్లు మొరాయించేదాకా, ఖలందర్ ఆ పుట్టిలోనే నిలబడి జనాన్ని దాటించాడు. కరణంగారి కాగితం ప్రకారం రేవులో ఎప్పుడూ రెండు పుట్లే ఉన్నాయి. దాన్ని ఎవరూ దిద్దలేదు.

కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా, పుట్టి బాగుంది, ఎవరిదని అడిగితే ఖలందర్ సంజీవయ్య వైపు గడ్డం చూపేవాడు.

"పుట్టి ఆయప్పది. రేవు నాది."

సంజీవయ్య జనాన్ని సర్ది కూర్చోబెట్టి, తెడ్డు అందించేవాడు.