అగ్గిపెట్టెల బండి వెనక నానమ్మ

అశోక్‌నగర్‌లో మా పాప ప్రాజెక్టుకు చార్టు కొంటుంటే, పక్క గోడకు ఎవరో కోచింగ్ పోస్టర్ అంటిస్తున్నారు. ఉడికించిన మైదా లై వాసన ముక్కుకు తగిలింది. పొద్దుటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

తొంభైల్లో మనం పుస్తకాలకు అట్టలేసుకున్న ఆ లై గుర్తుందా?

నాలుగో తరగతిలో టీచర్, "మీ ఇంటోళ్లు హైదరాబాద్‌కు ఎట్ల వచ్చిన్రో బొమ్మ చేసుకరండి" అన్నారు. చిక్కడపల్లి ఇంట్లో నానమ్మ, నేను కలిసి అగ్గిపెట్టెలతో ఎడ్లబండి చేసి ఒక అట్టమీద పెట్టాం. చక్రాలకు సోడా మూతలు పెట్టాం. బండిలో తాతను, సందుగను, ఇసుర్రాయిని పెట్టి, గుడ్డపీలికతో చేసిన నానమ్మ బొమ్మను కూడా కూర్చోబెట్టాను.

నానమ్మ ఆ బొమ్మను తీసి బండి వెనక అట్టమీద నిలబెట్టి లైతో అంటించింది.

"గంత బరువు ఎడ్లు గుంజుతయా బిడ్డా? భువనగిరి నుంచి మీ నాయినను సంకనేసుకొని నడిచే వచ్చిన."

బడిలో టీచర్, "అయ్యో, బొమ్మ కింద పడ్డది" అంటూ దాన్ని పీకి మళ్లీ బండిలో అంటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సాయంత్రం నానమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"నేను నడుసుడు అందరు చూసిన్రా?"

"చూసిన్రు" అన్నాను.