సామియో ఆఖరి విందు కోడి

తుమిరా నోట పరుషమైన మాట వినడం ఈ జన్మకి కాని పని అని జావా దీవిలో గునుంగ్‌కిదుల్ గుట్టల్లోని ఆ ఊరంతా అనుకునేది. అరవై రెండేళ్ల మనిషి. పక్కింటి మేక వచ్చి కర్రపెండలం చేనంతా నమిలేస్తున్నా, "కాస్త అవతలికి వెళ్తావా తల్లీ" అని బతిమాలుతుంది. ఇక ఎలుకల విషయంలో ఆమె మర్యాదకి అంతే లేదు. అక్కడి పాతకాలం వాళ్లెవరూ ఎలుకని ఎలుక అనరు, "చిన్నదొరగారు" అంటారు. తిట్టినా చంపినా పగబట్టి ఇల్లు గుల్ల చేస్తాయని వాళ్ల భయం. ఈ కాలం కుర్రాళ్లు నవ్వుకుంటారు గానీ, తుమిరా మాత్రం ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టే వాటితోనూ మాట్లాడేది.

ఆమె మొగుడు సామియో పోయి రెండేళ్లు దాటింది. కోళ్లంటే ప్రాణం ఇచ్చే మనిషి. పోయే ముందు ఒకే ఒక్కటి అడిగాడు. తన పేర పెట్టే విందులన్నిటికీ తను పెంచిన కోళ్ల సంతతినే కొయ్యాలి, సంత కోడి వద్దు. మూడో రోజు, ఏడో రోజు, నలభయ్యో రోజు, నూరో రోజు, ఆపైన రెండు సంవత్సరీకాలు. విందుకి కొయ్యాల్సింది పుంజునే. విందుకొకటి చొప్పున తెగిపోగా దొడ్లో ఒక్క ముసలి పెట్ట మిగిలింది. ఇక ఉన్నది వెయ్యో రోజు విందు. అదే ఆఖరిది. ఆ రోజుతో పోయినవాడు ఇంటి గుమ్మం పూర్తిగా వదిలి వెళ్లిపోతాడు. ఆ తర్వాత పిలిచి అన్నం పెట్టే రోజంటూ ఉండదు.

దానికింకా ఏడు నెలల గడువుందనగా ముసలి పెట్ట పొదగడానికి కూర్చుంది. తుమిరా గోడకి వేలాడదీసిన వెదురు బుట్టలో పదకొండు గుడ్లు పెట్టింది. చిన్నదొరగారు దిగి రాకుండా బుట్ట తాడు చుట్టూ ముళ్ల మట్టలు కట్టింది. ఇరవయ్యొక్క రోజులూ పొలం పని సగం మానుకుని కాపలా కాసింది. తొమ్మిది పిల్లలు లేచాయి. వాటిలో ఒక్కటైనా పుంజు కాకపోతుందా అని ఆమె ఆశ. కానీ పిల్లలు లేచాక బుట్టలో ఎన్నాళ్లుంటాయి? నేల మీదికి దింపక తప్పలేదు.

దింపిన మర్నాడు రెండు లేవు. ఆ మర్నాడు ఇంకొకటి లేదు.

సామియో పినతండ్రి కొడుకు పోనిరన్ ఆ సంగతి విని వచ్చాడు. మందు పెడదామన్నాడు. ఆ మందు పిల్లలు తింటే ఏం గతి అని ఆమె ఒప్పుకోలేదు. అయితే బోను పెడదామన్నాడు. దానికీ ఒప్పుకోలేదు.

"పగబడతాయి, నాయనా. మంచిగా అడిగితే వినవా అవి?"

"వింటాయి వదినా, ఎందుకు వినవు? చాప కూడా వేసి కూర్చోబెట్టు, వక్కాకూ ఇవ్వు," అని వెళ్లిపోయాడు పోనిరన్.

ఇక తుమిరా చేసిన పని చెప్పాలంటే కడుపు రగిలిపోతుంది. పెట్టనీ ఆరు పిల్లల్నీ వంటింట్లోకి తెచ్చింది. మట్టి నేల మీద పెట్టి వెదురు గంప బోర్లించింది, పైన రోకలి బండ బరువు పెట్టింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత చిన్నదొరగారికి వాళ్ల వాటా వాళ్లకి ముడితే పిల్లల జోలికి రారని, అరిటాకులో గుప్పెడు అన్నం, దాని మీద ఎండుచేప ముక్క పెట్టి, సరిగ్గా ఆ గంప పక్కనే ఉంచింది. చేతులు జోడించింది. "దొరగారూ, ఇది మీకు. అవి నా మొగుడివి," అంది.

మూడు రోజులు ఆకు ఖాళీ అయింది, పిల్లలు ఆరూ ఉన్నాయి. తన మాట నెగ్గిందని ఆమె సంబరపడింది. నాలుగో రోజు అన్నం ఇంకాస్త ఎక్కువ పెట్టింది. ఊళ్లో ఉన్న ఎలుకలన్నిటికీ ఆ ఇంటి దారి తానే చూపిస్తున్నానని ఆ పిచ్చితల్లికి తోచలేదు.

అయిదో రోజు తెల్లవారి లేచేసరికి అరిటాకు నాకినట్టు శుభ్రంగా ఉంది. గంప ఉన్నచోటే ఉంది. పెట్ట రెక్కలు విప్పుకుని అలాగే కూర్చుని ఉంది. గంప ఎత్తి చూస్తే, నేల కింద నుంచి తవ్విన బొక్క సరిగ్గా పెట్ట పొట్ట కిందే తేలింది. పిల్లల్లో ఒక్కటీ లేదు. పెట్ట రొమ్ము సగం కొరికేసి ఉంది. పారిపోదామన్నా దారి లేకుండా మూత పెట్టింది తనే. అంత జరుగుతున్నా అది లేవలేదు, పిల్లల్ని వదల్లేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని పసుపు అద్దుతూ తుమిరా కుమిలి కుమిలి ఏడ్చింది. మధ్యాహ్నానికి అది కూడా పోయింది.

మిగిలిన ఆరు నెలలూ ఆమె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. వెయ్యో రోజున పోనిరన్ సంత నుంచి పుంజుని తెచ్చి, తనే కోసి, విందు కోడిని ముక్కలు చెయ్యకుండా వండే ఆచారం ప్రకారం తనే కాళ్లు మడిచి కట్టి ఇచ్చాడు. "ఏ కోడైనా కోడే కదా వదినా, అన్నయ్య ఏమనుకోడులే," అన్నాడు. ఆమె దాన్ని కొబ్బరిపాలలో వండింది.

సాయంత్రం మగవాళ్లంతా చాపల మీద కూర్చున్నారు. దువా ప్రార్థన చదివే పెద్దాయన, విందు ఎవరి పేర, ఏ వంటకం ఎందుకు అన్నది వరసగా చెప్పాలి. కోడి దగ్గరికి వచ్చేసరికి వంటింటి గుమ్మం వైపు తిరిగి అడిగాడు.

"ఇది ఎక్కడి కోడమ్మా?"

పోనిరన్ తల దించుకున్నాడు. తుమిరా గుమ్మంలోకి వచ్చింది.

"మా ఆయన కోళ్లలోదేనండీ," అంది.

పెద్దాయన ఆ మాటని సామియో పేరుతో కలిపి, పోయినవాడికి చేరేలా పైకి చదివాడు. అందరూ ఆమీన్ అన్నారు, అన్నం పంచుకున్నారు. తుమిరా పొయ్యి దగ్గరికి వెళ్లి కూర్చుంది. నలభై ఏళ్ల కాపురంలో ఆయనతో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే, ఆడిన ఆఖరి మాటా అదే. తప్పయిందని చెప్పుకుందామన్నా ఆయన్ని మళ్లీ పిలిచే రోజు లేదు.