వెనక గది వాటం

అట్టపెట్టె మీద అచ్చేసిన బొమ్మలో ఇద్దరు మనుషులున్నారు. ఒకడు బల్ల పట్టుకుంటాడు, రెండోవాడు బోల్టు బిగిస్తాడు. ఆ రెండోవాడు ఎక్కడ దొరుకుతాడో మాత్రం పెట్టెలోని కాగితంలో ఎక్కడా రాయలేదు. పెట్టె తెచ్చినతను గుమ్మంలో దింపేసి, పక్కింటి వైపు చూస్తూ "ఒక్కరే ఉంటారా?" అని అడిగి వెళ్ళిపోయాడు. అడక్కపోతే ఏం పోయిందో!

స్టీలు ప్లాంటులో ఫిట్టరుగా చేసి ఈ మధ్యే రిటైరయ్యాను. మాది గోదావరి జిల్లా. ఉద్యోగానికని వైజాగొచ్చి, ఇక్కడి పిల్లనే చేసుకుని, దువ్వాడలో ఇల్లు కట్టుకున్నాను. పిల్లల్లేరు. పోయినేడు ఆవిడ కూడా పోయింది. "ఏటండి" అన్న పిలుపు లేక ఇల్లు బోసిపోయింది. సాయంత్రమైతే స్టేషను దాకా నడిచి, బండి దిగే జనాన్ని చూసి వచ్చేవాణ్ణి. నాకోసం దిగేవాళ్ళెవరూ లేరని తెలుసు. సిగ్గుగానే ఉండేది, అయినా వెళ్ళేవాణ్ణి.

మా బావమరిది అచ్యుతాపురంలో ఫ్యాక్టరీలో చేస్తాడు. రోజూ ఫోనే. "ఒక్కడివీ ఆ ఇంట్లో ఏటి సేత్తన్నావ్ బావా? అద్దెకిచ్చీసి మా మేడ మీదకొచ్చీ." చివరికి అద్దెకి మనుషుల్ని కూడా చూసేశాడు. ఆదివారం వాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తారన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వెనక గదిలో పనిచేసుకునే బెంచి పెట్టుకుంటున్నాను, మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేస్తాను, నలుగురూ వచ్చి పోతుంటారు, చేతికి పనుంటే నేనిక్కడే ఉండగలను అన్నాను. అక్కడితో ఆగొచ్చుగా! బెంచి కుదరకపోతే ఆదివారం తాళాలు నీ చేతిలోనే పెడతానని కూడా అనేశాను. నా నోటికి ఎప్పుడూ తొందరే.

అలా ఆ పెట్టెలో ముక్కలుగా వచ్చిన బెంచి బిగించడం మొదలెట్టాను. బల్ల ఒక చివర బియ్యం డ్రమ్ము మీద ఆన్చి, రెండో చివర మోకాలితో ఎత్తిపట్టి, బోల్టులు తిప్పాను. ప్లాంటులో ఏ పనికైనా జోడీ ఉండేవాడు. "పట్టు" అంటే పట్టేవాడు, "వదులు" అంటే వదిలేవాడు. అలవాటు కొద్దీ "పట్టుకో" అన్నాను. అన్నాక డ్రమ్ముని చూసి నామీద నాకే చిరాకేసింది.

మొత్తానికి నిలబెట్టాను. దానిమీద వైసు, అంటే పనిముక్కని కరిచిపట్టే బిగింపు, అమర్చి, ఒక ఇనపముక్క అందులో పెట్టి, ఆకురాయితో రెండు రుద్దులు రుద్దానో లేదో బెంచి టకటకమని ఊగింది. ఊగే బెంచి మీద పనిచేసేవాడికి వేళ్ళు మిగలవు. బోల్టులన్నీ వదులు చేసి, మూలమూలకీ మార్చి మార్చి మళ్ళీ బిగించాను. ఊగింది. పురికొస పట్టి ఐమూలగా కొలిచాను. రెండు వైపులా సమానమే. ఊగింది. బల్ల వంకరేమోనని విప్పి చూశాను. వంకరా లేదు, నా బొందా లేదు. కుడివైపు వెనక కాలు ఒక్కటి నేలకి ఆనకుండా గాల్లో తేలుతోంది.

ఎవరైనా ముందు నేలని అనుమానిస్తారు. నేను అనుమానించలేదు. ఆ నేల నాది. ఇల్లు కట్టేటప్పుడు ఆ గది గురించి మాకు పెద్ద రభసే జరిగింది. రిటైరయ్యాక అది నా వర్క్‌షాపు అన్నాను. ఆవిడ కాదంది. జాలరిపేట దాకా బస్సులో వెళ్ళి చేపలు తెచ్చుకునే మనిషి. "ఇది కడిగే గది. సేపలు కడిగిన నీళ్ళు నిలిసిపోతే నీసు కంపు కొడతాది. గచ్చు మూలకి వాటం ఉండాల" అంది. వాటమంటే నీళ్ళు పారడానికి నేలకిచ్చే పల్లం. పల్లంగా ఉంటే బెంచి ఎలా నిలబడుతుందని నేను ఎగిరాను. మేస్త్రీ ముందే ఇద్దరం కేకలేసుకున్నాం. ఆఖరికి మూలన తూము పెట్టుకో, వాటం మాత్రం కుదరదని తేల్చేశాను. దగ్గరుండి నాలుగు మూలలా మట్టం గుర్తులు పెట్టించాను. "సరేలెండి" అంది. ఇంత సులువుగా ఒప్పుకుందేమిటా అని ముచ్చటేసింది. ఆ ముచ్చటతోనే మధ్యాహ్నం బి షిఫ్టుకి వెళ్ళిపోయాను. నేనొచ్చేసరికి గచ్చు పోసేశారు. ఆ తర్వాత ఆ గదిలో డ్రమ్ములూ రుబ్బురోలూ చేరాయి, నేను అటు వెళ్ళింది తక్కువ.

అంచేత తప్పు కాళ్ళదే అనుకున్నాను. మిగతా మూడూ కోసేసి, తేలుతున్న కాలికి సమం చేద్దామని గీతలు గీసి, హాక్సా రంపం తీశాను. కోసింది మళ్ళీ అతకదు కాబట్టి, ఎందుకైనా మంచిదని బెంచిని అటుదిటు తిప్పి పెట్టాను. ఇప్పుడు ఇంకో కాలు తేలింది. తేలిన చోటు మాత్రం అదే, తూము వైపు.

రసమట్టం తెచ్చి నేల మీద పెట్టాను. బుడగ ఒక పక్కకి పారిపోయింది. దాన్ని తిప్పి పెట్టి చూశాను. మళ్ళీ ఆ పక్కకే. అప్పుడు చెంబుడు నీళ్ళు తెచ్చి గుమ్మం దగ్గర పోశాను. నీళ్ళు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రెండు గోడల వైపు నుంచీ చేరి, మూలకి పోయి, తూములోంచి బయటపడ్డాయి. చుక్క మిగల్లేదు.

"ఓసి దొంగమొహమా!" అని అరిచాను. "నన్ను షిఫ్టుకి తోలేసి గుర్తులు చెరిపించావా? ఇన్నేళ్ళూ నా వెనక ఎంత నవ్వుకున్నావే!" ఎన్నాళ్ళకో నా గొంతు ఆ ఇంట్లో ఖంగుమని మోగింది. నిజం చెప్పొద్దూ, హాయిగా కూడా అనిపించింది. ఆవిడుంటే ఈపాటికి నడుం మీద చెయ్యేసుకుని "అయితే ఏటంటారిప్పుడు?" అనేది. ఆ మాట కోసం ఆగాను. గుమ్మం వైపు చూస్తూ, నిజంగానే ఆగాను. పైన ఫ్యాను తిరుగుతోంది. దూరంగా గూడ్సు బండి పోతోంది. తడి నేల మీద కూలబడి ఏడ్చాను.

తర్వాత బావమరిదికి ఫోను చేశాను. "మీ అక్క నన్ను మోసం చేసిందిరా" అన్నాను. సంగతి చెప్పగానే పకపకా నవ్వాడు.

"ఇప్పుడా సూసావు బావా! ఆ రోజు సిమెంటు కలిపింది నానే. నీ బస్సు మలుపు తిరిగేదాకా అప్ప గుమ్మంలో నిలబడి, 'ఇంక కానీయండ్రా' అంది. నీకెప్పుడో తెలిసిపోయుంటాదనుకున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆ గది కడగనేదా నువ్వు?"

"లేదు" అన్నాను.

అవతల వాడు ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఆవిడ పోయాక మేం ఆవిడ గురించి మాట్లాడుకోవడం అదే మొదలు. అంతవరకూ తిన్నావా, మందులేసుకున్నావా, అద్దెకిస్తావా, ఇవే మాటలు.

"మేస్త్రీని పంపమంటావేటి? గచ్చు తవ్వించి మట్టం సేయించీద్దాం. నీ బెంచి నిలబడతాది" అన్నాడు చివరికి.

"గచ్చు జోలికొచ్చావంటే కాళ్ళు విరగ్గొడతాను."

"మరి ఆదివారం వాళ్ళో?"

"రావద్దని చెప్పు."

తేలే కాలి కింద ప్యాకింగు పెట్టాలి, అంటే సందు నింపే రేకు ముక్కలు. ఇనప రేకు ఇంట్లోనే ఉంది. అయినా గాజువాక వెళ్ళి స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క తెచ్చి కోశాను. ఇనుమైతే నీళ్ళకి తుప్పుపట్టి గచ్చు పాడవుతుంది. ముక్కలు సర్ది, ఆకురాయి గట్టిగా లాగాను. బెంచి కదల్లేదు.

అప్పుడు బకెట్టు తెచ్చి గది మొత్తం కడిగాను. చీపురు సరిగ్గా పట్టుకోవడం రాక పంచె అంతా తడిసింది. నీళ్ళు బెంచి కాళ్ళ మధ్యనుంచి మూలకి పోతున్నాయి. వినే మనిషి లేకపోయినా పైకే అన్నాను.

"సరేలేవే. కడిగే గదే."