పేరు పడని కత్తి

మొన్న శనివారం ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు, బియ్యం బస్తా కుట్టు విప్పడానికి కత్తెర కోసం వంటింటి సొరుగు తీశాను. కత్తెర లేదు. వెనక మూలన, పాత గ్యారంటీ కాగితాల కింద, మా ఆయన మడత కత్తి ఒకటి చేతికి తగిలింది. దాన్ని అక్కడ పెట్టింది నేనే. ఆయన చనిపోయిన ఏడాది పెట్టాను, ఆ తర్వాత ముట్టుకోలేదు. దారం తెంపి, మూయబోతూ, కిటికీ దగ్గర బ్లేడు చూశాను. ఆ పూట ఇక అన్నం వండలేదు.

మా ఆయన ఇక్కడ కెనడాలో, గ్వెల్ఫ్ అనే ఊళ్లో, కారు విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా ఇరవై ఆరేళ్లు పనిచేశారు. కిచెనర్‌లో ఉన్న మా ఇంటి నుంచి తెల్లవారుతూనే బయలుదేరి వెళ్లి, రోజంతా ఇనుప ముక్కల మీద గీతలు వెతికి, సాయంత్రం తిరిగొచ్చేవారు. వచ్చాక కాళ్లు కడుక్కుని మళ్లీ ఇనుమే. మడత కత్తులు పోగుచేయడం ఆయన పిచ్చి. నలభైకి పైగా ఉండేవి. వాటిలో ఒక్కటీ వంకాయ మొహం చూసి ఎరగదు. "ఇన్ని కత్తులు పెట్టుకుని ఉల్లిపాయల దగ్గర నేనొక్కదాన్నే ఏడవాలా?" అని అడిగితే, "వాటి ఉద్యోగం అది కాదోయ్" అనేవారు. ఉల్లిపాయ తరగడం ఎవరి ఉద్యోగమో నేను రెట్టించి అడగలేదు.

ఆదివారాల్లో ఊరి బయట పాత సామాన్ల సంత జరిగేది. అక్కడ కత్తులమ్మే ముసలాయన మావారికి గురువు. మడత కత్తుల్లో నూరేళ్లకు పైబడిన నమూనాలున్నాయనీ, ప్రతి నమూనాకూ ఒక పేరుందనీ, వాటిలో చాలా పేర్లు మొదట ఎవరు పెట్టారో తెలియదనీ చెప్పింది ఆయనే. కొన్నిటికి రూపాన్ని బట్టి పేరు వచ్చింది. రెండు కొసలూ పైకి లేచి పడవలా ఉన్నది కనూ. వేలెడంత బుల్లి కత్తి పీనట్. లావుగా, ఒక కొస వెడల్పుగా ఉన్నది ఏనుగు గోరు. మరికొన్నిటికి పనిని బట్టి. పశువుల మందలు చూసుకునేవాళ్ల జేబులో ఉండే మూడు బ్లేడ్లది స్టాక్‌మన్. ఉచ్చులు పన్ని జంతువుల తోళ్లు ఒలిచేవాళ్లది ట్రాపర్. పిడి అడుగు బల్లపరుపుగా ఉన్నది డాక్టర్ కత్తి. ఊళ్లు తిరిగే వైద్యులు దానితో మాత్రలు నలిపేవారని చెబుతారు, నిజమో కాదో తెలియదు. మావారు ఒక్కో కత్తిని నోటుపుస్తకంలో ఒక్కో పేజీ మీద పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, కింద పేరూ, అది ఎలా వచ్చిందన్నదీ రాసుకునేవారు. "కంపెనీ పెట్టే పేరు పేరు కాదు. వాడినవాళ్లు పిలవాలి. అది విని షాపువాడు పిలవాలి. కంపెనీ అన్నిటికన్నా ఆఖర్న రాసుకోవాలి" అనేవారు. ఆ తోళ్లు ఒలిచేవాళ్లు ఇప్పుడెక్కడున్నారని అడిగితే, "పని పోయినా పేరు మిగిలిందిగా" అనేవారు. నాకది ఓదార్పుగా అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

ఊళ్లో ప్రతి బేస్‌మెంట్‌లోనూ స్టూడెంట్లు నిండిపోయిన రోజులవి. మా బేస్‌మెంట్‌లోకి జగిత్యాల వైపు అమ్మాయి ఒకతి అద్దెకు వచ్చింది. వారంలో కొన్ని రోజులు కాలేజీ, మూడు రోజులు ఒక గోదాములో పని. అట్టపెట్టెలు కోసి, లోపలి సామాను అరల్లో సర్దాలి. ఆ పనికోసం ఎన్ని చోట్ల అప్లై చేసిందో తనకే గుర్తు లేదనేది. ఆమె వచ్చిన నెలలోనే మావారికి లివర్‌లో ఉన్నదేమిటో తేలింది. వసంతం దాకా ఉండవచ్చునని డాక్టరు చెప్పాడు. ఆయన ఫ్యాక్టరీ మానేసి, హాల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టారు. కత్తులు కూడా తెరవడం మానేశారు. నన్ను భయపెట్టింది అదే.

ఒకరోజు ఆ అమ్మాయి నేనిచ్చిన పప్పు గిన్నె తిరిగి ఇవ్వడానికి పైకి వచ్చింది. బొటనవేలికి కట్టు ఉంది.

"చేతికేమైందమ్మాయ్?" అన్నారు మావారు.

"కంపెనోళ్ల కట్టర్, అంకుల్. ప్లాస్టిక్‌ది. బ్లేడు లోపల దాక్కుంటది. కోసినంతసేపు మనం వేలుతోటి నొక్కుతనే ఉండాలె. దానికన్న పళ్లతోటి చింపుడు నయం."

ఆయన వారం రోజుల తర్వాత మొదటిసారి తనంతట తాను లేచారు. లోపలికి వెళ్లి ఒక కత్తి తెచ్చారు. కొస లేని, తిన్నటి ఒకే బ్లేడు. మాసిన పసుపు రంగు పిడి. ఎవరో కొని, వాడకుండా అట్టేపెట్టిన పాత సరుకు. సంత ముసలాయన కూడా దీనికి పేరు చెప్పలేకపోయాడట. ఆ అమ్మాయి చెయ్యి చాపితే, "చేతికివ్వకూడదమ్మా, పోట్లాట వస్తుంది" అని బల్ల మీద పెట్టారు.

"మా అమ్మమ్మ గూడ గట్లనే అంటది" అని ఆమె నవ్వి తీసుకుంది. "దీని పేరేంది అంకుల్?"

"లేదు. దీనికి ఇంకా పనివాళ్లు దొరకలేదు."

"అయితే నేను పెడుత. డబ్బాల కత్తి."

"అలా కుదరదు. ముందు నువ్వు వాడు. మీ గోదాములో పక్కనున్నవాళ్లు దీన్ని ఏమని పిలిచి నిన్ను అడుగుతారో, అదీ పేరు. అప్పుడు రాస్తాను. ఆదివారం ఆదివారం నాకు తెచ్చివ్వు. అట్ట కోస్తే పదును వారానికే చస్తుంది. నేను సానపట్టి ఇస్తాను."

ఆ సాయంత్రం నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి, కత్తి చుట్టూ గీసి, పేరు రాసేచోటు ఖాళీగా ఉంచారు. పోయేలోపల ఒక పేరు పుట్టడం చూడాలన్న ఆశ ఆయన మొహంలో అంత స్పష్టంగా కనిపిస్తుంటే, నేను వద్దనలేకపోయాను.

ఆ వారంలోనే ఆ అమ్మాయి బేస్‌మెంట్ మెట్ల మీద నన్ను ఆపింది.

"ఆంటీ, లోపటికి పోకముందే గేటుకాడ బ్యాగు చెక్ చేసిన్రు. కత్తి దొరికింది. వెపన్ అని రాసుకున్నరు. కత్తి వాపస్ ఇచ్చి, రేపటి సంది రావొద్దన్నరు." రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి, "అంకుల్‌కు చెప్పకుండ్రి" అంది.

బయటి కత్తులు తేకూడదని గేటు దగ్గరే బోర్డు ఉందట. ఇన్నేళ్లు ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషికి ఆ సంగతి తట్టలేదు. పనిముట్టు పనిచేసేవాళ్ల సొంతమై ఉండాలన్నది ఆయన పుస్తకంలో ప్రతి పేజీలోనూ ఉంది. ఆయన ఆ పుస్తకాన్ని నమ్మారు. ఆ అమ్మాయి ఆయన్ని నమ్మింది. నేను చేయవలసింది ఆయనకు చెప్పడం, లేదా కనీసం ఆ అమ్మాయిని ఈ నాటకం నుంచి తప్పించడం. రెండూ చేయలేదు. "సరే, చెప్పను. నువ్వు కూడా తెలియనివ్వకు" అన్నాను. చలికాలం, ఒక్క ఉద్యోగానికి వీధి మలుపు దాకా లైను, ఆ పిల్ల పని పోయింది మావారి వల్ల. అవన్నీ తెలిసే అన్నాను.

అప్పటి నుంచి ఆ అమ్మాయి షిఫ్టు వేళకే బ్యాగు తగిలించుకుని, కిటికీలోంచి ఆయనకు చెయ్యి ఊపి వెళ్లేది. లైబ్రరీలో కూర్చునేది, రెజ్యూమేలు పంచేది, షిఫ్టు వేళకే తిరిగొచ్చేది. వచ్చాక ఐదు నిమిషాలు పైకి వచ్చి నిలబడేది. ఆయన ప్రతిసారీ ఒకే మాట అడిగేవారు. "ఇవాళ కత్తి ఏం చేసింది?"

"ఇయ్యాల అన్ని కుక్కల షాంపూలే, అంకుల్."

"ఈ చలిలో కుక్కలకి తలంటా?"

"వాటికేంది అంకుల్, వర్క్ పర్మిట్ టెన్షన్ లేదు."

ఆయన నవ్వేవారు. ఒకరోజు కొవ్వొత్తులు, ఒకరోజు పిల్లల బూట్లు. ఆ అమ్మాయి అబద్ధాలు జాగ్రత్తగా ఆడేది. ఏ రోజూ మరీ ఎక్కువ పెట్టెలు చెప్పేది కాదు. ఆదివారాల్లో కత్తి తెచ్చి బల్ల మీద పెట్టేది. ఆయన సానరాయి తడిపి, మా ఇద్దరికీ వీపు పెట్టి కిటికీ వైపు తిరిగి కూర్చునేవారు. పావుగంటకు కత్తి మళ్లీ బల్ల మీదికి వచ్చేది. "బాగా వాడుతున్నావమ్మా" అనేవారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

మార్చిలో ఆయన పోయారు. ఏప్రిల్‌లో ఆ అమ్మాయి, పడమటి వైపు ఏదో చిన్న ఊళ్లో హోటల్ పని దొరికిందని వెళ్లిపోయింది. వెళ్లేముందు కత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఉంచుకో" అన్నాను. "వద్దాంటీ. నేను దీంతోటి ఏం కొయ్యలే" అంది. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ తర్వాత ఫోన్ చేయడానికీ మొహం చెల్లలేదు. నోటుపుస్తకం తీసి చూస్తే ఆ పేజీలో పేరు ఉండాల్సిన చోటు ఖాళీగానే ఉంది. ఓపిక లేక రాయలేదనుకున్నాను.

మొన్న కిటికీ దగ్గర చూసింది ఇది. కొత్త కత్తి అంచున ఫ్యాక్టరీ సాన వదిలిన సన్నటి గీతలు అడ్డంగా, ఒకేలా ఉంటాయి. ఇంట్లో ఒక్కసారి రాయి మీద పెట్టినా అవి చెదిరిపోతాయి. ఈ సంగతి నాకు నేర్పింది ఆయనే, పెళ్లయిన కొత్తలో, నేను అడగకుండానే. ఆ గీతలు ఈ కత్తి మీద ఒక్కటి కూడా చెదరలేదు. అన్ని ఆదివారాలు రాయి తడిపి కూర్చున్న మనిషి ఒక్కసారీ దాన్ని సానపట్టలేదు. పట్టాల్సిన అవసరం లేదని మొదటి ఆదివారమే చూసి ఉంటారు. ఇరవై ఆరేళ్లు ఇనుము మీద గీతలు చూసి బతికిన ఆయన కంటికి ఇది ఆనదని మేమిద్దరం ఎలా అనుకున్నామో తెలియదు. పని పోయిందనీ, ఎందుకు పోయిందో కూడా ఊహించే ఉంటారు. ఆయన అడిగి ఉంటే ఆ పిల్ల ఏడ్చేది, నేను ఏడ్చేదాన్ని. ఆయన అడగలేదు. కుక్కల షాంపూల గురించి అడిగారు. ఆయనకు తెలియనివ్వకుండా కాపాడానని ఇన్నాళ్లూ నన్ను నేను మెచ్చుకున్నాను. ఆ చలికాలమంతా ఆయన ఒక్కరే ఆ నిజాన్ని మోశారు.

నోటుపుస్తకంలో ఆ పేజీ అలాగే ఉంచాను. కత్తిని మళ్లీ సొరుగులో పెట్టాను. ఇవాళ కత్తి ఏం చేసిందని మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ అడగరు.