స్టేషన్ మాస్టరు నెత్తికెత్తుకున్న నూనె

విజయభాస్కర్ గారు రిటైరైన స్టేషన్ మాస్టరు. బిట్రగుంటలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. రైళ్ళను వదిలేశారు గానీ రైల్వే అలవాట్లు ఆయన్ని వదల్లేదు. ఫోన్లో వచ్చిన ఆర్డరును పొల్లుపోకుండా తిరిగి ఒప్పజెప్పి, అవతలివాళ్ళు అవునన్నాకే బండిని కదిలించిన మనిషి మరి. భార్య వెంకటశేషమ్మ ఉప్పు తెమ్మన్నా, "ఉప్పు. కల్లుప్పు. ఒక ప్యాకెట్టు. అంతే గదా?" అంటారు.

"ఉప్పుకు గూడా జెండా ఊపాల్నా?" అంటుంది ఆవిడ.

ఆ చాదస్తమే పాత కంప్యూటర్ల గ్రూపులో ఆయనకు పేరు తెచ్చింది. పాత పెట్టెలు ఊడదీసి బాగుచేసుకునే సరదా ఉన్నవాళ్ళంతా ఫోన్లో పెట్టుకున్న గ్రూపది. కొత్తగా చేరినవాళ్ళు "సార్, పనిచేయట్లేదు, హెల్ప్" అని పడేస్తారు. గ్రూపు నడిపే కిషోర్ బాబు "ముందు పాత పోస్టులు వెతకండి" అని కసురుతాడు. ఏ మాటతో వెతకాలో తెలిస్తే వాళ్ళు కొత్తవాళ్ళెందుకవుతారు? విజయభాస్కర్ గారు మాత్రం "మీరు చెప్పేది ఇదేనా?" అని వాళ్ళ ప్రశ్నను విడమరిచి రాసి, అవునన్నాక, జవాబున్న పాత పోస్టు వెతికి చేతిలో పెడతారు. పనయ్యాక, బండికి దారి ఇచ్చినట్టు, "లైన్ క్లియర్" అని రాస్తారు.

మొన్న వానల్లో బోగోలు నుంచి నిషాత్ చేరింది. జాకెట్లు కుడుతుంది. ఎంబ్రాయిడరీ డిజైన్లు సొంతంగా గీసుకోవాలని పాత కంప్యూటరు తెచ్చుకుంది. గీసిన ప్రతి పువ్వునూ ఫోటో తీసి గ్రూపులో పెట్టి మురిసిపోయేది. ఒకరోజు తెర నల్లబడి, పెట్టె కీచుకీచుమని కూయడం మొదలెట్టింది. ర్యామ్ పట్టీ తీసి రబ్బరుతో రుద్దమన్న పాత పోస్టును విజయభాస్కర్ గారు వెతికిచ్చారు. రుద్దింది. లాభం లేదు.

"సరిగ్గా చదివుండరు" అన్నాడు కిషోర్ బాబు. ఇంకెవరో నవ్వే బొమ్మ పెట్టారు.

"ఇది నాలాంటోళ్ళ పని కాదులెండి. గ్రూపులోంచి పోతా" అని రాసింది నిషాత్.

విజయభాస్కర్ గారు తింటున్న అన్నం వదిలి లేచారు. అంత ఇష్టపడి నేర్చుకుంటున్న పిల్లను ఎలా పోనిస్తారు? ఫోన్ చేశారు.

"చెడిపోయిన రోజు పొద్దున్నించి ఏమేం చేసినావో వరసగా చెప్పమ్మా. నేను తిరిగి చెప్తా."

"ఏం చేయలేదు సార్. ఇల్లు చిమ్మినా, మిషన్లకు నూనె వేసినా, కూర్చున్నా."

"ఇల్లు చిమ్మినావు, మిషన్లకు నూనె వేసినావు... ఏ మిషన్లకమ్మా?"

"కుట్టుమిషనుకూ, దీనికీ సార్. ఆ రోజు శుక్రవారం, నూనె వేసే రోజు గదా! మా ఉప్పుగాలికి నూనె లేకుంటే ఏదైనా తుప్పు పడతాది. ఆ పట్టీ కూచునే గాడిలో నాలుగు చుక్కలు..."

నిషాత్‌కది చెప్పుకోవలసిన పనే కాదు, మొహం కడుక్కున్నంత మామూలు. విజయభాస్కర్ గారు పొంగుకొచ్చిన నవ్వును గొంతులోనే ఆపుకున్నారు. "కంప్యూటరు గాడిలో నూనె వేసినావు. అంతే గదా?" అన్నారు. చెడగొట్టింది తన నూనేనని ఆమెకు అర్థమైపోయింది.

"గ్రూపులో చెప్పొద్దు సార్. నవ్వుతారు."

"చెప్పనమ్మా."

మాటైతే ఇచ్చారు. కానీ గాడిలో దిగిన నూనెను ఎలా తీయాలో ఆయనకూ తెలియదు. పాత పోస్టుల్లో ఎంత వెతికినా దొరకలేదు, ఇలాంటి పని అంతకుముందు ఎవరూ చేసి ఉండలేదు. కాసేపు ఆలోచించి గ్రూపులో ఇలా రాశారు: "నా కంప్యూటర్లో ర్యామ్ గాడికి కుట్టుమిషను నూనె వేశాను. శుభ్రం చేయడమెలా?"

గ్రూపు గొల్లున నవ్వింది. "సార్, మీరా!" "రైలింజను అనుకున్నారా?" కిషోర్ బాబైతే "మీ నుంచి ఇది ఊహించలేదు" అన్నాడు. ఇన్నేళ్ళ పెద్దరికం ఒక్క పూటలో గంగలో కలిసింది.

వెంకటశేషమ్మ ఫోన్లోకి తొంగిచూసింది. "మీరు నూనె వేసినారా? వంటింట్లో నూనె సీసా ఎక్కడుంటాదో తెలీని మనిషి!"

నవ్వులు సద్దుమణిగాక ఒకరు సరైన దారి చెప్పారు. సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్ళు వాడే స్పిరిట్‌తో, మెత్తని బ్రష్షుతో కడిగి బాగా ఆరనివ్వాలట. ఆ జవాబును ఆయన నిషాత్‌కు పంపారు.

మర్నాడు గ్రూపులో ఒక ఫోటో కనిపించింది. వెలుగుతున్న తెర, దానిమీద సగం గీసిన మల్లెతీగ. కింద నిషాత్ రాసింది: "నూనె వేసింది సార్ కాదు, నేను. నాకోసం ఆయన మాటలు పడినారు."

దానికింద కిషోర్ బాబు రాశాడు: "నేను నా మొదటి కీబోర్డును సబ్బునీళ్ళలో నానబెట్టినా. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు."

విజయభాస్కర్ గారు కళ్ళద్దాలు తుడుచుకుని టైపు చేశారు. "నూనె వేసింది నిషాత్. సబ్బు పెట్టింది కిషోర్ బాబు. అంతే గదా?"

"అంతే సార్. నేను యాడికీ పోను. లైన్ క్లియర్" అని రాసింది నిషాత్.